మొక్కుకు తూగిన మనిషి

పోయిన వారం సునందను బెల్లం గుట్టల సందులో ఇరికించి మన దారిన మనం వచ్చేశాం. ఇరుక్కున్న ఆడమనిషిని వారం పాటు అట్లాగే నిలబెడతారా అని కొందరికి మనసు చివుక్కుమని ఉంటుంది. ఏం ఫరవాలేదు. సునందకు నిలబడడం అలవాటే. లోకమే ఆమె చుట్టూ తిరిగి పోతుంది. తరిగొప్పులలో ఆమె పుట్టిన నాడు మంత్రసాని బిడ్డను ఎత్తబోయి, "ఇంకొకరు పట్టున్రి" అని వాకిట్లోకి కేకేసిందంటారు. బడిలో ఎక్కిదిగే బల్ల మీద ఆమె ఒక కొసన కూర్చుంటే, రెండో కొసకు ముగ్గురు పిల్లలు చాలక చివరికి పెద్దపంతులు పంచె ఎగ్గట్టి ఎక్కాడట. బల్ల కదల్లేదు. పంతులు గాలిలోనే ఉండి, ఆ పూట ఎక్కాలు అక్కడి నుంచే చెప్పించాడని ప్రమాణం చేసేవాళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇక కథ ఆగిన చోటు. జనగామ స్టేషన్ రోడ్డులో వెంకటేశ్వర్లు సేటుది బెల్లం దుకాణం. సునంద ఆయన భార్య. మేడారం జాతర నెత్తి మీదికి వచ్చింది. సమ్మక్క సారలమ్మల దగ్గర బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కుకున్న మనిషి తరాజులో ఒక పక్క కూర్చుంటే, రెండో పక్క అంతే బరువు బెల్లం ముద్దలు పేర్చి, ఆ నిలువెత్తు బంగారాన్ని తల్లుల గద్దె దాకా మోసుకుపోవాలి. జాతర రోజుల్లో ఆ దుకాణం ముందు తూకానికి నిలబడ్డ వరుస పాలకుర్తి దాకా ఉంటుందని కాంటా దగ్గర పనిచేసే ఇక్బాల్ చెబుతాడు. మనం కొంచెం తగ్గించుకుందాం. వీధి మలుపు దాకా ఉంటుంది.

సునంద తూకం సంగతి వేరు. ఆమె తరాజు ఎక్కిందంటే బజారు బజారంతా పని మానుకుని వచ్చేది. సకల జనుల సమ్మెలో దుకాణాలన్నీ మూసి చౌరస్తాలో దీక్షా శిబిరం వేసినప్పుడు, శిబిరానికి పెద్దగా ఉన్న సోమనర్సయ్య ఒకనాడు ఆవేశం పట్టలేక కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి మొక్కేశాడు: "తల్లీ సమ్మక్కా, తెలంగాణ అస్తే మా సునందక్కంత బంగారం నీ గద్దె మీద పెడ్తం!" ఊరంతా జై తెలంగాణ అన్నది. సునందను మాత్రం ఎవరూ అడగలేదు. ఆనాటి నుంచి ఆమె ఒళ్లు ఆమెది కాదు, ఉద్యమానిది.

అదే ఇంట్లో ఆమె యారాలు, అంటే మరిది ప్రవీణ్ భార్య, నిఖిత. మహబూబాబాద్ మిర్చి వ్యాపారి బిడ్డ. పెళ్లినాడు ఎండు మిరపకాయలా ఉన్న పిల్ల, ఇద్దరు పిల్లల తల్లయ్యేసరికి గుమ్మడికాయ అయింది. నిరుడు హైదరాబాద్‌లో పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని మళ్లీ మిరపకాయ అయింది. సునంద కూడా ఆమెతో పోయింది గానీ, చిన్ననాటి కొవ్వు కత్తికి లొంగదని డాక్టరమ్మ చెప్పిందట. అందుకని సునంద పోయినట్టే తిరిగి వచ్చింది.

ఆ డాక్టరమ్మ కారే ఇప్పుడు దుకాణం ముందు ఆగింది. కారును చూడగానే నిఖిత మొహం సున్నం కొట్టిన గోడైంది. ఎందుకో చూద్దామని ఆత్రంగా లేచిన సునంద, రెండు బెల్లం గుట్టల మధ్య సందులోంచి పోబోయి ఇరుక్కుంది.

"కదలకక్కా, జర ఆగు" అంటూ ఇక్బాల్ వచ్చి గుట్ట పక్కన ఒక వరుస ముద్దలు తీసి ఆమెను విడిపించాడు. విడిపించినవాడు ఊరుకోవచ్చు గదా! "ఎన్నిమార్లు చెప్పాలె, గా సందు నీకోసం కాదక్కా. అది చిన్నక్క పోయే తొవ్వ."

మంచివాడే ఇక్బాల్. కానీ మంచివాళ్ల నోట్లోంచి వచ్చే మాటకే ముల్లు ఎక్కువ.

చిన్నక్క పోయే తొవ్వ! ఏడాది కింద ఆ సందు దగ్గర ఇద్దరూ ఆగేవాళ్లు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుని, దుకాణం చుట్టూ తిరిగి వెనక నుంచి ఇంట్లోకి వచ్చేవాళ్లు. ఇప్పుడు నిఖిత ఆ సందులోంచి గాలిలా పోతుంది. పక్కకు కూడా తిరగదు, కొంగు కూడా సర్దుకోదు. ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారి, మళ్లీ మణికట్టుకు వచ్చి గలగలమంటాయి. ఆ గలగల వంటింట్లో ఉన్న సునంద చెవిలో రంపంలా కోసేది. పెళ్లినాటి రవిక తీసి తొడుక్కుని, "అక్కా, కుట్లు గూడ ఇప్పలేదు చూడు" అని నిఖిత చూపించిన నాడు సునంద నవ్వింది, మెటికలు విరిచి దిష్టి తీసింది, లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

పడుకున్నది ఊరికే పడుకోలేదు. మరునాటి నుంచి నిఖిత పళ్లెంలో నెయ్యి పోయడం మొదలుపెట్టింది. ఉగాదికి బచ్చాలు, బతుకమ్మకు మలీద ముద్దలు, ఏ పండుగా లేని నాడు గారెలు. "చెల్లె, ఒక్కటంటే ఒక్కటి, నా మీదొట్టు" అని బతిమాలి పెట్టేది. చూసినవాళ్లు, తోబుట్టువులు గూడ గింత ప్రేమగుండరని మురిసేవాళ్లు. నిఖిత కొరికి పక్కన పెట్టేది. పక్కన పెట్టిన ఆ సగం గారెను సునంద తినేది. ఇట్లా ఏడాది గడిచేసరికి ఒకరి మీద పన్నిన వల ఇంకొకరి ఒంటికి చుట్టుకుంది.

డాక్టర్ మెహనాజ్ దుకాణంలోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆమెది భూపాలపల్లి. తండ్రి బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయిన మనిషి. తల్లిదండ్రులను చూసి హైదరాబాద్ తిరిగిపోతూ ఆగానంది. సునంద అత్త ఆండాళమ్మ గబగబా చాయ్ పెట్టించింది. దుకాణం గద్దె మీద కూర్చున్న వెంకటేశ్వర్లు లేచి దండం పెట్టి, మళ్లీ కూర్చుని, తూకం రాళ్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఆ రాళ్లు తుడవక పదేళ్లయింది.

"ఏం నిఖితా, ఏడాదికి చూపిచ్చుకొమ్మన్న, రాలేదు. గోళీలు మింగుతున్నవా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మింగుతున్న మేడం... బందులు, సమ్మెలు, తొవ్వలు బందయినయి గదా..."

"దసరా పోయె, సమ్మె అయిపోయె, దీపావళి పోయె. జుట్టు చూడు ఎట్లయిందో! ఆపరేషన్ అంటే కోసి కుట్టుడొక్కటే కాదమ్మా, తరువాత చూసుకునుడే అసలు పని." అని ఆమె కళ్లు పైకెత్తి సునందను చూసింది. చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మీరు సునందగారు గదా? మీకోసం ఎన్ని దినాలు చూసిన! మల్ల రానే రాలేదేంది?"

సునంద వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకో సునంద ఎవరన్నా ఉందేమోనని.

"నాకు పనికిరాదంటిరి గదా మేడం."

"ఎవరన్నరు?"

"మీరే అన్నరంట. నాది పుట్టుకొవ్వంట. చెల్లెది నడుమల వచ్చింది గనుక పోతదంట, నాది పోదంట."

అప్పుడు ఏం జరిగిందంటే, నిరుడు ఆ డాక్టర్ గదిలో కుర్చీలన్నిటికీ చేతులున్నాయి. చేతులున్న కుర్చీ అంటే సునందకు పులి. కూర్చుంటే లేచేటప్పుడు కుర్చీ కూడా లేస్తుంది. తరిగొప్పులలో ఒక పెళ్లిలో అట్లా లేచింది కూడా; పెళ్లికొడుకు వైపు వాళ్లు అది మర్యాదేమోననుకుని చప్పట్లు కొట్టారు. అందుకని రక్తం ఇచ్చి, పరీక్షలన్నీ చేయించుకుని, ఆఖరి మాట వినాల్సిన వేళ మాత్రం ఆమె గది బయట బెంచీ మీదే ఆగిపోయింది. లోపలి నుంచి వచ్చి నిఖిత చెప్పిన మాటే ఆమెకు వేదమైంది. ఇంటికి వచ్చాక ఆండాళమ్మ దానికి తాళం కూడా వేసింది: "పుట్టుకతోని వచ్చింది పుడకలతోనే పోతది బిడ్డా. పొట్ట కోపిచ్చుకుంటె ఏమస్తది!"

డాక్టరమ్మ కొంగు సర్దుకుని, సునంద వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"చిన్నప్పటి నుంచి లావున్నోళ్లకు ఆపరేషన్ పనిచెయ్యదని నేను అననే లేదు. నేను చెప్పింది వేరే. చిన్నప్పుడే లావైనోళ్లు ఎక్కువ బరువు మీది నుంచి దిగుడు మొదలుపెడ్తరు. దిగుడు అందరి లెక్కనే దిగుతరు. ఒక్కోపారి వాళ్లే ఎక్కువ కిలోలు దిగుతరు. కని ఎత్తు మీది నుంచి దిగినోళ్లు గనుక ఆఖరికి సన్నగ కనవడరు. పక్కన నిఖిత అసొంటామె నిలవడితే ఇంక కనవడరు. మా చదువుల గూడ ఒక్క మాట లేదు. కొందరు రెండిటికీ తేడా లేదంటరు, కొందరు జర తేడా ఉన్నదంటరు. కని ఎప్పుడు లావైన్రన్న ఒక్క కారణం మీద వద్దని ఎవ్వలం అనం."

"అంటె... నాది గూడ దిగుతదా మేడం?"

"దిగుతది. కని మీకు తొందర బరువుతోని కాదు, షుగర్‌తోని. షుగర్ కొత్తగున్నప్పుడైతే ఆపరేషన్‌కు లొంగుతది. పాతబడిన కొద్ది మొండికేస్తది. నిరుడు మీది కొత్తది. అందుకే జల్ది రమ్మన్న. నిద్రల ఊపిరి ఆగినట్టయితదా ఇంకా?"

నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచి, తెల్లారేదాకా దిండుకు ఆనుకుని కూర్చున్న రాత్రులన్నీ ఒక్కసారి వచ్చి సునంద ముందు నిలబడ్డాయి. పోయిన ఏడాదంతా తన ఒంట్లో మొండికేసింది కొవ్వు కాదు, ఎవరో చెప్పిన మాట!

ఆమె నిఖిత వైపు తిరిగింది. అంతవరకు సన్నదనం మీద ఉన్న కుళ్లు ఇప్పుడు మనిషి మీదికి మళ్లింది.

"ఏందే ఇది?"

నిఖిత తల వంచుకుంది.

"నిన్నే! డాక్టరమ్మ అనని మాట నీ నోట్ల ఎట్ల పుట్టింది? నువ్వు సన్నవడితివి, సంబరమాయె. నేను గూడ సన్నవడితే నీ సొమ్మేం పోతుండె? నేను ఊపిరాగి సచ్చినంక నా చీరెలు కోసి పిల్లలకు లంగాలు కుట్టిద్దామనుకున్నవా?"

"పెద్దపిల్లా, బజార్ల నోరు లేపకు" అన్నది ఆండాళమ్మ.

"మీరు ఊకోన్రి అత్తమ్మా. నోరొక్కటే నాకు సన్నగున్నది, అది గూడ మూసుకోమంటరా?"

అప్పటికే తూకానికి వచ్చినవాళ్లంతా వరుస తప్పి మెట్ల దగ్గర గుమిగూడారు. వాళ్లను తోసుకుంటూ, మెడలో గులాబీ కండువాతో సోమనర్సయ్య దిగాడు. ఎక్కడ నలుగురు గుమిగూడినా అది శిబిరమేనని ఆయన నమ్మకం. సంగతి సగం విన్నాడు, మిగతా సగం ఊహించుకున్నాడు, రెండూ కలిపి హడలిపోయాడు.

"ఏందక్కా, నువ్వు కోపిచ్చుకుంటవా? మరి మొక్కు? కర్పూరం ముట్టిచ్చి మొక్కితిమి! నువ్వు చిక్కిపోతే తల్లికి బంగారం తక్కువైతది. తల్లి ఊకుంటదా? తెలంగాణ ఆగిపోతది!"

"ఔ మరి" అన్నది ఆండాళమ్మ, దొరికిందే సందని. "తల్లితోని బ్యారం వద్దు బిడ్డా. తెలంగాణ వచ్చేదాంక ఆగు. మొక్కు తీరినంక చూద్దాం."

డాక్టరమ్మకు ఇది నవ్వాల్సిన మాటో, కోప్పడాల్సిన మాటో అర్థం కాలేదు. భూపాలపల్లి మనిషే గనుక మొక్కు సంగతి తెలుసు, అందుకే నవ్వలేదు.

సునంద నడుము మీద చేయి పెట్టుకుని సోమనర్సయ్య ముందుకు వచ్చింది. ఆయన ఒక మెట్టు దిగాడు.

"సోమనర్సన్నా, రాష్ట్రం అడిగిన్రు, మంచిదే. దీక్షల నేను గూడ కూసున్న. నేను ఉపాసముంటే ఢిల్లీ కదులుతదని మీరే నవ్విన్రు, నేను గూడ నవ్విన. కని ఢిల్లోళ్లు జాగు చేస్తే ఆగుటానికి నా మోకాళ్లు ఢిల్లీల ఉన్నయా? నా షుగర్ ఏమన్న కమిటీ ఏసుకున్నదా? తల్లికి బంగారం కావాలంటే మీ ఇంటిల్లిపాది ఎక్కున్రి తరాజు. మీ అత్తగారిని గూడ పిలువున్రి. నన్ను మాత్రం ఇడిసిపెట్టున్రి!"

గుంపులో ఒక నవ్వు పేలింది. సోమనర్సయ్య అత్తగారు చిల్పూరులో ఉంటుంది, చీపురుపుల్లకు చీర కట్టినట్టు ఉంటుంది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, తల్లికి చెప్పుకోవాల్సిన సంజాయిషీని ఇప్పటి నుంచే కూడగట్టుకుంటూ వెనక్కి తగ్గాడు.

సునంద మాత్రం నవ్వలేదు. మళ్లీ యారాలి వైపే తిరిగింది. "చెప్పవేందే?"

నిఖిత తలెత్తింది. ఆమె కళ్లు తడిగా లేవు. ఎండుగా, ఎర్రగా, పుట్టింటి మిరపకాయల్లాగే ఉన్నాయి.

"చెప్త. నాకు నిన్ను చూస్తే ఏడుపు అక్కా. కళ్లల్ల మంట."

"నన్ను చూసా! నన్ను చూసి నీకేం ఏడుపే? ఏం ఉన్నదే నా దగ్గర?"

"ఏం లేదంటవా? నువ్వు చిన్నప్పటి నుంచి లావు. ఎవరన్నా ఒక్క మాట అన్నరా నిన్ను? 'పాపం, పుట్టుకతోనే' అన్నరు. నీకు పళ్లెంల రెండో ముద్ద ఏసి, నా పళ్లెం దిక్కు చూసెటోళ్లు. నేను లావైతే, 'ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో, వచ్చినప్పుడు ఎట్లుండె' అన్నరు. నీది దేవుడిచ్చిందట, నాది నేను తెచ్చుకున్నదట! నీ పాత ఫొటోలు ఎవ్వలు ఎవ్వలికి చూపియ్యలె. నా పెండ్లి ఫొటో మాత్రం ఈ ఇంట్ల వచ్చినోళ్లకు, పోయినోళ్లకు చూపిచ్చిన్రు. 'గీమెనే గామె' అని. గా ఫొటోల ఉన్న పిల్లను నేనే సంపినట్టు చూసిన్రు."

ఆ ఫొటోను వచ్చిన చుట్టాలకు చూపించిన చేతుల్లో సునంద చేతులూ ఉన్నాయి.

"నిన్ను తరాజు ఎక్కిస్తే బజారంతా వచ్చి చప్పట్లు కొట్టె. నేను తరాజు ఎక్కిన నాడు ఇక్బాల్ భాయ్ గూడ తల తిప్పుకునె, నాకు సిగ్గయితదని. నీ లావుకు మొక్కులు మొక్కిన్రు అక్కా! ఆపరేషన్ అయినంక, మొదటిపారి, ఈ ఇంట్ల నన్ను మనిషి లెక్క చూసిన్రు. నువ్వు గూడ తగ్గితే మల్ల నిన్నే చూస్తరు. గంతే. గదే నా కడుపుల ఉన్నది. చెప్పిన."

సునందకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం వెనకే, ఎంత తోసినా పోని ఒక వెచ్చటి సంతోషం కూడా వచ్చింది. ఏడాది పాటు తను ఎవరిని చూసి కుళ్లి కుళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నదో, ఆ మనిషి అంతకు ముందు నుంచే తనను చూసి కుళ్లుతున్నది! జన్మలో మొదటిసారి ఒకరు తనను చూసి అసూయపడ్డారు. ఆ సుఖం ఎంత తప్పో తెలిసి కూడా ఆమె దాన్ని బుగ్గన పెట్టుకుని కాసేపు చప్పరించింది.

"కుళ్లుంటె ఉండనీ, చెల్లె. కుళ్లుకు ఎవ్వలు సావరు. అబద్ధానికి సస్తరు. నా షుగర్ ఒక్క ఏడాది పాతదయింది, ఇన్నవు గదా?"

"ఇన్న. మరి నువ్వు ఏడాది నుంచి నా పళ్లెంల నెయ్యి పోస్తున్నది ప్రేమతోనేనా?"

సునంద మొహం అప్పుడే దించిన పాకంలా ఎర్రబడింది. ఆండాళమ్మ ఒక కోడలిని, ఇంకో కోడలిని మార్చి మార్చి చూసింది; తోబుట్టువుల్లా ఉంటారని తను ఊరంతా చెప్పుకున్న ఇద్దరినీ.

"కని ఒక్క మాట అక్కా" అన్నది నిఖిత, గొంతు దించి. "డాక్టరమ్మను ఎవరు రమ్మన్నరనుకున్నవు? నేనే ఫోన్ చేసి పిలిచిన. చెప్పుటానికి నాకు నోరు రాక. మొన్న నిద్రల నీకు ఊపిరి ఆగింది. పక్క గదిలకు ఇనవడ్డది. మల్ల వచ్చేదాంక నేను గూడ ఊపిరి పట్టుకున్న."

డాక్టరమ్మ అవునన్నట్టు తలూపింది. పోతూ పోతూ ఒకసారి ఆగిపొమ్మన్నదే గానీ ఎందుకో చెప్పలేదంది.

"ఇంకో మాట గూడ ఉన్నది. గా గదిల నేనొక్కదాన్నే ఇన్ననా? చేతులున్న కుర్చీలు రెండుండె. నా పక్క కుర్చీల కూసున్నదెవరో యాదికి తెచ్చుకో."

గద్దె మీద చప్పుడైంది. తుడుస్తున్న తూకం రాయి వెంకటేశ్వర్లు చేతిలోంచి జారి కింద పడి, బల్ల కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతకడానికి ఆయన వంగాడు. వంగినవాడు ఎంతకూ లేవలేదు.

సునందకు గుర్తుకు వచ్చింది. ఆ రోజు గదిలోంచి ముందు బయటికి వచ్చింది నిఖిత. వెనక వచ్చింది తన మగడు. నిఖిత మాట చెబుతున్నప్పుడు ఆయన గోడ మీద వేలాడే క్యాలెండర్ చూస్తున్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆమె చేతిలో చేయి వేసి కూర్చున్నాడు. పాపం ఎంత బాధపడుతున్నాడోనని తనే ఆయనను ఓదార్చింది.

"ఏమండీ" అన్నది సునంద.

బల్ల కింద వెతుకులాట చప్పుడు ఇంకొంచెం పెరిగింది.

ఇట్లాంటప్పుడు వేరే కథల్లో ఆడవాళ్లు కూలబడతారు. సునంద కూలబడితే దుకాణం నేల ఒప్పుకోదని ఆమెకు తెలుసు. ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మేడం, మీ బండిల జాగ ఉన్నదా? ఇయ్యాల్నే వస్త. రేపంటె నేను ఈ గడప దాటను. గీళ్లు దాటనియ్యరు."

"ఇయ్యాల కోసుడేం కాదమ్మా. ముందుగాల పరీక్షలు మల్ల చెయ్యాలె, షుగర్ చూడాలె, గుండె చూడాలె. అన్ని సరిగుంటేనే. కని వెంట ఇంటి మనిషి ఒకరుండాలె. ఒక్కరే వస్తే దవాఖానల ఉంచుకోరు."

సునంద ఇంటివాళ్ల వైపు చూసింది. ఆండాళమ్మ దుకాణం కప్పులో ఏ దూలానికి చెద పట్టిందో లెక్క చూస్తున్నది. వెంకటేశ్వర్లు అప్పటికి లేచాడు. చేతిలో రాయి ఉంది, మొహంలో నెత్తురు లేదు.

"జాతర గిరాకి... గీ టైంల దుకాణం ఇడిసి..." అన్నాడు ఎవరితోనో.

"నేనొస్త" అన్నది నిఖిత.

చెప్పి ఆగలేదు. ఆ సందులోంచి గాజులు గలగలమనిపించుకుంటూ ఇంట్లోకి పోయి, అక్క చీరలు రెండు, తన చీరలు రెండు ఒకే సంచిలో కుక్కుకుని వచ్చింది. సునంద అప్పటికే కారు వెనక సీట్లో ఉంది. డాక్టరమ్మ డ్రైవర్ పక్కన కూర్చుంది. నిఖిత రెండో వైపు తలుపు తీసి, సంచి చంకలో పెట్టుకుని నిలబడింది. సునంద జరిగితేనే ఆమెకు చోటు. బజారంతా చూస్తున్నది.

"నా కొంప ముంచింది నువ్వే, నా పక్కన కూసునేది నువ్వేనా?" అన్నది సునంద.

"ఇంకెవరన్నా వస్తున్నరా మరి?"

ఎవరూ రావడం లేదు. సునంద కిటికీ పట్టుకుని, ఆయాసపడుతూ, పక్కకు జరిగింది. అట్లా ఇంకొకరి కోసం జరిగి ఎంత కాలమైందో.

"ఎక్కు. కని ఒక్కటి చెప్పు. నువ్వయితే కుళ్లుతోని అబద్ధమాడితివి. ఆయన ఎందుకు ఆడిండు? గా గదిల డాక్టరమ్మ లేచి పోయినంక నీతోని ఏమన్నడు?"

నిఖిత కూర్చుని తలుపు వేసుకుంది. దుకాణం అరుగు మీద రాయి పట్టుకుని నిలబడ్డ బావ వైపు ఒకసారి చూసింది.

"చెప్త. పెంబర్తి దాటనీ."

"ఈడ చెప్తే ఏమైతది?"

"ఈడ చెప్తే నువ్వు దిగుతవు అక్కా. దిగినంక, ఆయనను ఏం చేస్తవో ఏమో గని, ఆపరేషన్ మాత్రం చేపిచ్చుకోవు."

డ్రైవర్ బండి తీశాడు.